ఒకే కంచంలో నాలుగు ఖండాలు

ఆదివారం పొద్దుగూకితే చాలు, సగం ఇళ్లలో ఒకటే పంచాయితీ. 'బయట తిందాం' అనేదాకా అందరిదీ ఒకే మాట. 'ఏం తిందాం' అనేసరికి మాత్రం ఇంట్లో నలుగురుంటే ఐదు మాటలు. పిల్లలకు నూడుల్స్ కావాలి. నాన్నకు బిర్యానీ. 'జొన్నరొట్టె దొరికే చోటికైతే వస్తా' అంటుంది నానమ్మ. అమ్మకు ఏదైనా ఫర్వాలేదు, గిన్నెలు తోమే పని తప్పితే చాలు. ఎంత వాదించుకున్నా చివరికి అందరూ కలిసి వెళ్లేది వీధి చివరి హోటల్‌కే. ఎందుకంటే, వీటిలో చాలామటుకు అక్కడ ఒకే కార్డు మీద ఉంటాయి.

ఆ కార్డును ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? హన్మకొండ చౌరస్తా అనుకోండి, కాజీపేట అనుకోండి, ఏదో ఓ మామూలు హోటల్. మొదట సూపులు, మంచూరియా. వాటి కింద చికెన్ 65. ఆ తర్వాత తందూరీ రోటీ, పనీర్ బటర్ మసాలా. వెనక పేజీ నిండా బిర్యానీలు. అన్నిటికన్నా చివర ఓ మూల పెరుగన్నం. చైనా పేరు, మద్రాసు తాళింపు, పంజాబీ పొయ్యి, నిజాం దమ్ము... అన్నీ ఓ అరఠావు అట్ట మీద సర్దుకుని కూచుంటాయి. మనకది వింతగా తోచదు. 'హోటలన్నాక అన్నీ ఉంటాయి' అనుకుంటాం.

సరిగ్గా ఇలాంటి కార్డే ప్రపంచానికి అవతలి వైపు మరో ఊళ్లో కనిపిస్తుంది. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్. అక్కడి వాడల్లోని పాత హోటళ్లలో ఒక బల్ల మీద బెండకాయ గంబో, పక్క బల్ల మీద మాంసం ఉండలతో స్పగెటీ, ఇంకో బల్ల మీద వెన్నలో మునిగిన మిరియాల రొయ్యలు. వాళ్లు మాత్రం ఈ కలగలుపుకి ఓ పేరు పెట్టుకున్నారు. 'క్రియోల్-ఇటాలియన్' అంటారు. ఆ పేరున్న బోర్డు కోసం వరంగల్ అంతా గాలించి ప్రయోజనం లేదు. కానీ దాని కథ మాత్రం మనం వినాల్సిందే. ఎందుకంటే అందులో సగం మన కథ.

బెండకాయ చేసిన ప్రయాణం

న్యూ ఆర్లీన్స్‌ను 1718లో ఫ్రెంచివాళ్లు కట్టారు. కొన్నాళ్లు స్పెయిన్ ఏలింది. 1803లో అమెరికా కొనుక్కుంది. వీళ్లందరి ఇళ్లలో వండిపెట్టింది మాత్రం ఆఫ్రికా నుంచి ఓడల్లో బానిసలుగా తెచ్చిన మనుషులు. వీళ్లందరి కన్నా ముందు నుంచీ ఆ నేల మీద ఉన్నది చాక్టా వంటి ఆదివాసీ జాతులు. ఇన్ని చేతులు ఒకే పొయ్యి మీద పడితే పుట్టిన వంటే క్రియోల్ వంట.

దానికి పెద్ద దిక్కు గంబో. చిక్కటి పులుసులాంటిది, అన్నంలో పోసుకుని తింటారు. ఆ మాటకు మూలం ఆఫ్రికాలోని బంటూ భాషల్లో బెండకాయకున్న పేరు. బెండకాయ జిగురుతో పులుసు చిక్కబడటం మనకు కొత్త సంగతా! వెన్నలోనో నూనెలోనో పిండిని ఎర్రగా వేయించి కలపడం ఫ్రెంచివాళ్ల పద్ధతి. సాసాఫ్రాస్ అనే చెట్టు ఆకుల్ని ఎండబెట్టి, పొడి కొట్టి చల్లడం చాక్టాల పద్ధతి. ఉల్లిపాయ, క్యాప్సికం, సెలరీ కాడలు... ఈ మూడూ కలిస్తేనే పోపు. వాళ్లు ఆ మూడింటినీ కలిపి 'త్రిమూర్తులు' అన్నంత భక్తిగా పిలుచుకుంటారు. మనకు ఆవాలు, జీలకర్ర, కరివేపాకు ఎలాగో అలా.

గంబో గిన్నెలో ఏది ఎవరిదో చెప్పగలం. కానీ విడదీయలేం. పిండి వేయించడం మానేస్తే ఆ రుచి మారిపోతుంది, బెండకాయో ఆకుపొడో లేకపోయినా మారిపోతుంది. తయారైపోయిన తర్వాత అది ఫ్రెంచీ కాదు, ఆఫ్రికనూ కాదు. ఆ ఊరిది.

ఇటలీవాళ్లు ఎలా వచ్చారు?

ఇటలీకి దక్షిణాన సిసిలీ అనే దీవి ఉంది. పేద నేల. 19వ శతాబ్దం చివర్లో దాని రేవు పట్నం పాలెర్మో నుంచి నిమ్మ, నారింజ పండ్లు మోసుకొచ్చే ఓడలు న్యూ ఆర్లీన్స్‌కు నేరుగా నడిచేవి. ఆ ఓడల్లోనే మనుషులూ ఎక్కారు. వచ్చినవాళ్లు చెరకు తోటల్లో కూలికి కుదిరారు. నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక పట్నం చేరి కూరగాయలు, పండ్లు అమ్ముకున్నారు. ఊరికి నడిబొడ్డైన ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఎంత మంది చేరారంటే, అందులో ఓ భాగాన్ని 'చిన్న పాలెర్మో' అని పిలిచేవాళ్లు.

ఊరు వాళ్లను చూసి మురిసిపోలేదు. మురికివాళ్లన్నారు. దొంగలన్నారు. ఒంటి రంగు చూసి తెల్లవాళ్ల లెక్కలో వెయ్యడానికీ వెనకాడారు. 1890లో నగర పోలీసు అధిపతి డేవిడ్ హెనెసీని ఎవరో కాల్చి చంపారు. నింద ఇటాలియన్ల మీద పడింది. కొందరిని విచారించారు. జ్యూరీ ఒక్కరిని కూడా దోషి అనలేదు. మర్నాడు, 1891 మార్చి 14న, వేలాది మంది జైలు మీదికి వెళ్లారు. 11 మంది ఇటాలియన్లను చంపేశారు. అమెరికా చరిత్రలో అతి పెద్ద మూక హత్యల్లో అదొకటి.

ఇక్కడ ఆగి ఓ సంగతి గమనించాలి. ఆ ఘోరం జరిగిన 15 ఏళ్లకు, 1906లో, అదే ఊళ్లో సాల్వటోర్ లూపో అనే సిసిలీ మనిషి 'సెంట్రల్ గ్రోసరీ' అనే కిరాణా కొట్టు పెట్టాడు. మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే తోటి సిసిలీ రైతులు మధ్యాహ్నం ఆ కొట్టుకొచ్చి రొట్టె, జున్ను, ఉప్పు మాంసం, ఆలివ్ ఊరగాయ విడివిడిగా కొనుక్కునేవారట. పీపాల మీదా పెట్టెల మీదా కూచుని, అన్నీ ఒళ్లో సర్దుకుంటూ అవస్థ పడుతూ తినేవారట. అది చూసి లూపో నువ్వులద్దిన గుండ్రటి రొట్టెను మధ్యకు కోసి, అన్నీ అందులోనే పెట్టి ఇచ్చాడని చెబుతారు. అదే 'ముఫులెట్టా'. ఇవాళ న్యూ ఆర్లీన్స్ వెళ్లినవాళ్లు అది తినకుండా తిరిగి రారు. ఏ మనుషుల్ని వద్దన్నారో వాళ్ల రొట్టే ఊరికి గుర్తయింది.

కొట్టు వెనక వంటగది

అక్కడి క్రియోల్-ఇటాలియన్ హోటళ్లలో కొన్ని కిరాణా కొట్లుగానే మొదలయ్యాయి. మాండీనాస్ అనే హోటల్ సంగతే చూడండి. పాలెర్మో నుంచి వచ్చిన కుటుంబం కెనాల్ స్ట్రీట్ మూల మీద 19వ శతాబ్దం చివర కిరాణా కొట్టు తెరిచింది. 1932లో కొడుకులు దాన్ని పూర్తి హోటల్‌గా మార్చారు. ముందు సరుకులు, తర్వాత సరుకులతో పాటు ఓ ముద్ద, ఆ తర్వాత ముద్దే ప్రధానం. కిరాణాలో చాయ్, చాయ్‌తో పాటు బజ్జీ, బజ్జీ నుంచి భోజనం... మన వాడల్లో కూడా హోటళ్లు ఇలాగే ఎదిగాయి కదా!

అలాంటి చోట కూచుంటే ఏం వడ్డిస్తారు? 'రెడ్ గ్రేవీ' అని ఒకటుంటుంది. ఎర్ర పులుసు. టమాటాలను సన్నటి సెగ మీద గంటల తరబడి మగ్గబెడతారు. సిసిలీలో అయితే టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో సరి. ఇక్కడికొచ్చాక క్రియోల్ పోపు పడింది, కారం తగిలింది. దాన్ని స్పగెటీ మీద పోస్తారు, మాంసం ఉండల మీద పోస్తారు. పక్కనే గంబో, వేయించిన చేప. సోమవారమైతే ఊళ్లో చాలాచోట్ల రాజ్మా, అన్నం. సోమవారం బట్టలుతికే రోజట. గింజల్ని పొయ్యి మీద పడేసి ఉతుకుడు పని చూసుకునేవారు ఇల్లాళ్లు. ఉతికే యంత్రాలొచ్చి ఏళ్లు గడిచినా సోమవారం రాజ్మా పోలేదు.

ఇక 1913లో మొదలైన పాస్కల్స్ మనాలే హోటల్‌లో 'బార్బెక్యూ రొయ్యలు' ప్రసిద్ధి. పేరు చూసి బొగ్గుల మీద కాల్చి ఇస్తారనుకుంటే పొరపాటే. అందులో బార్బెక్యూ ఏమీ లేదు. పొట్టుతో ఉన్న పెద్ద రొయ్యల్ని బోలెడు వెన్నలో, బోలెడు మిరియాల పొడితో వండి ఇస్తారు. మెడకు గుడ్డ కట్టుకుని, చేత్తో వలుచుకుని తినాలి. పెద్దమనిషి తరహాగా తినడం కుదరదు. నలుగురూ వేళ్లు నాకాల్సిందే.

2005లో కత్రినా తుపానుకు కట్టలు తెగి ఆ నగరంలో 80 శాతం నీట మునిగింది. మాండీనాస్ కూడా మునిగింది. తర్వాత మళ్లీ కట్టుకుని తెరిచారు. ఊరు వదిలి వెళ్లినవాళ్లు 'మా వీధి హోటల్ తెరిచారా' అని ఆరా తీసేవారంటే ఆశ్చర్యం లేదు. వీధి హోటల్ పొయ్యి వెలిగిందంటే ఆ వీధి బతికున్నట్టే లెక్క. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో కాలనీలకు కాలనీలు మునగడం చూసిన వరంగల్‌వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఓరుగల్లులో రూకకు భోజనం

ఇప్పుడు మన ఊరికొద్దాం. డబ్బులిచ్చి బయట తినడం మనకు నిన్నమొన్నటి అలవాటని చాలామంది అనుకుంటారు. కాదు. కాకతీయుల రాజధానిలో హోటల్ ఉండేది. దాని పేరు పూటకూళ్ల ఇల్లు. పూటకింతని తీసుకుని కూడు పెట్టే ఇల్లు కాబట్టి ఆ పేరు.

ఆ సంగతి చెప్పేది 'క్రీడాభిరామం' అనే పాత తెలుగు కావ్యం. దాన్ని రాసింది వినుకొండ వల్లభరాయడని కొందరు, శ్రీనాథుడని కొందరు పండితులు. రాసిందెవరైనా, అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. తిరిగితే ఆకలెయ్యదా? లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు ఏమేం పెడతారో ఏకరువు పెడతారు. కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. నోరూరుతోంది కదూ!

ఇప్పుడు ఆ విస్తరిని ఇంకోసారి చూడండి. ఏదో లోటు కనిపించడం లేదూ? మిరపకాయ. అందులో లేదు. ఉండే వీలు కూడా లేదు. కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయింది. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడలు మన పడమటి తీరానికి మొదటిసారి వచ్చింది 1498లో. మిరప మన నేల మీద మొలిచింది ఆ తర్వాతే. అంటే గణపతిదేవుడూ రుద్రమదేవీ ప్రతాపరుద్రుడూ ఒక్క మిరపకాయను కూడా కొరకలేదు. వాళ్లకు కారమంటే మిరియమే. కొత్తగా వచ్చిన కాయకు కూడా మనవాళ్లు ఆ మిరియాన్నే తలచుకుని పేరు పెట్టుకున్నారు.

మిరప ఒక్కటే కాదు. టమాటా లేదు, ఆలుగడ్డ లేదు. పల్లీ లేదు, మక్కజొన్న లేదు. ఇవన్నీ ఆ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఇప్పుడు మన సర్వపిండి తీసుకోండి. సర్వ గిన్నెలో అంటించి కాలుస్తారు కాబట్టి ఆ పేరు. ఇంతకన్నా తెలంగాణ తిండి ఇంకేముంటుంది? అందులోని పల్లీలు అక్కడివి, కారం అక్కడిది. వానాకాలం వస్తే వేసుకునే మక్కగారెలు? ఆ గింజే అక్కడిది. ఇటలీవాళ్ల ఎర్ర పులుసు కథ కూడా ఇంతే. టమాటా వాళ్ల దేశానికి 16వ శతాబ్దంలో చేరిన పరాయి పండే. ఒకే కాలంలో ఓడెక్కిన చుట్టాలు... టమాటా సిసిలీ ముంగిట దిగి అక్కడిదైంది, మిరప ఓరుగల్లు చేలల్లో దిగి ఇక్కడిదైంది.

ఎంతగా ఇక్కడిదైందంటే, మన చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లావుగా, ఎర్రగా, టమాటాను తలపించే ఆకారం. అందుకే దాన్ని టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగెక్కువ, ఘాటు తక్కువ. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రాశులు పోసే రోజుల్లో అటుగా వెళ్తే కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది. కానీ కళ్ల ముందున్న ఆ ఎరుపు ఈ జిల్లా రైతు కుటుంబాల ఏడాది సంపాదన. వలస వచ్చిన మొక్కకు 'వరంగల్' ఇంటిపేరు చట్టబద్ధంగా వచ్చిందన్నమాట!

మలీద ముద్దలు, ఇరానీ చాయ్

పంటలే కాదు, మాటలూ వలసొచ్చాయి. సద్దుల బతుకమ్మ నాడు మన ఆడవాళ్లు పంచుకునే మలీద ముద్దలు గుర్తున్నాయా? రొట్టెను నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చేసేవి. మలీద అన్నది పారసీ మాట. నలిపినది అని అర్థం. పీర్ల పండుగకూ మలీదే, బతుకమ్మకూ మలీదే. పూలన్నీ మన చెలకల్లోవి, పాటలన్నీ మన నోటివి, ఒళ్లో ఉన్న ముద్ద పేరు మాత్రం ఇరాన్ నుంచి వచ్చింది. ఏ ముద్దను ఎవరు ముందు చేశారని ఏ అమ్మలక్కా అడగలేదు.

ఇరాన్ నుంచే చాయ్ హోటళ్లూ వచ్చాయి. బొంబాయి, పుణెల మీదుగా హైదరాబాద్ చేరిన ఇరానీలు పెట్టిన హోటళ్ల చాయ్, ఉస్మానియా బిస్కట్ నిజాం రాజ్యమంతా పాకాయి. 1929లో కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు మార్గం కలిసింది. ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య కాజీపేట కూడలి అయింది. రైల్వే క్వార్టర్లు నిండాయి. 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. 2002లో మూతపడేదాకా ఎన్నో వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీకి దేశం నలుమూలల నుంచీ విద్యార్థులొచ్చారు. 2002 నుంచి అదే నిట్. షిఫ్టు దిగిన కార్మికుడికి చాయ్ కావాలి, రైలు దిగిన గార్డుకు పూరీ కావాలి, బిహార్ కుర్రాడికి రొట్టె కావాలి, తమిళ కుర్రాడికి ఇడ్లీ కావాలి. వీళ్లందరి ఆకలికీ సర్దుబాటు చేస్తూ పెరిగినవే మన వాడ హోటళ్లు. ఆ కార్డు పొడుగ్గా ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందా!

అన్నట్టు, ఇటలీకీ మనకూ చుట్టరికం బొత్తిగా లేదనుకోకండి. 13వ శతాబ్దం చివర్లో వెనిస్ నుంచి బయల్దేరిన మార్కోపోలో మోటుపల్లి రేవు రాజ్యం గురించీ, దాన్ని ఏలిన రాణి గురించీ, అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత పలచటి బట్టల గురించీ చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవే అంటారు చరిత్రకారులు. 20వ శతాబ్దంలో వరంగల్ క్యాథలిక్ మేత్రాసనానికి తొలి బిషప్‌గా 1953 నుంచి 1985 దాకా ఉన్న అల్ఫోన్సో బెరెట్టా కూడా ఇటలీవారే.

వండేదెవరు, కూచునేదెవరు?

ఇంతదాకా కథ కమ్మగానే ఉంది. ఇక కారం సంగతి కూడా చెప్పుకోవాలి.

క్రియోల్ వంట పేరు మోసిందంటే అందులో సగానికి సగం నల్లజాతి వంటవాళ్ల చలవే. కానీ న్యూ ఆర్లీన్స్‌లోని పెద్ద హోటళ్లలో వాళ్లు వండాలే తప్ప బల్ల ముందు కూచోకూడదు. అక్కడ రంగు పేరిట వేరు చేసే చట్టాలుండేవి. 1941లో మొదలైన డూకీ చేజ్ అనే నల్లవాళ్ల హోటల్‌లో మేడ మీద నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూచుని గంబో తింటూ పౌరహక్కుల పోరాటం గురించి మాట్లాడుకునేవారు. అలా కలిసి కూచోవడం అప్పటికి చట్టవిరుద్ధం. 1964లో పౌరహక్కుల చట్టం వస్తే గానీ హోటల్ తలుపు అందరికీ తెరుచుకోలేదు.

'వాళ్లు ఎంత అన్యాయం' అనుకునే ముందు మన చాయ్ హోటళ్ల వైపు కూడా ఓసారి చూసుకోవాలి. ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి వినని తెలుగువాళ్లున్నారా? కొందరికి బల్ల మీద గాజు గ్లాసు. కొందరికి బయట చూరు కింద వేరే గ్లాసు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి పోవాలి. చాయ్ ఒకటే, పాలూ ఒకటే, కాచిన గిన్నే ఒకటే. తేడా అంతా గ్లాసులో. అందుకే మన రాజ్యాంగం రాసిన పెద్దలు 15వ అధికరణంలో దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్లు అని పేరు పెట్టి మరీ రాశారు. కులం, మతం, పుట్టిన చోటు పేరు చెప్పి వాటిలోకి ఎవర్నీ రానివ్వకుండా ఆపకూడదన్నారు. దేశాన్ని నడిపే పుస్తకంలో చాయ్ హోటల్‌కు చోటెందుకు? మనుషులు పక్కపక్కన కూచుని తినడమన్నది అంత చిన్న విషయం కాదు కాబట్టి.

న్యూ ఆర్లీన్స్ మేయర్ 1891 నాటి హత్యలకు నగరం తరఫున క్షమాపణ చెప్పింది ఎప్పుడో తెలుసా? 2019 ఏప్రిల్‌లో. అంటే, వాళ్ల రొట్టె నోటికి నచ్చడానికి పట్టింది 15 ఏళ్లు. 'తప్పయింది' అన్న మాట నోట్లోంచి రావడానికి పట్టింది 128 ఏళ్లు. వంట నచ్చినంత తేలిగ్గా వండినవాళ్లు నచ్చరు. తిండి మనుషుల్ని కలుపుతుందని తెగ చెబుతుంటాం. నిజమే, కానీ తనంతట తాను కలపదు. తినేవాడు తల ఎత్తి వడ్డించేవాడి మొహం చూడాలి.

ఇవాళ మన వాడ హోటల్ వంటింట్లోకి తొంగి చూడండి. తందూరు ముందు చెమటలు కక్కేది ఏ బిహార్ పిల్లాడో, ఒడిశా కుర్రాడో కావచ్చు. నూడుల్స్ ఎగరేసేది నేపాలీ కావచ్చు, బెంగాలీ కావచ్చు. వాళ్లు కూడా పాలెర్మో నుంచి ఓడ దిగినవాళ్లలాంటివాళ్లే. వాళ్ల గురించి కూడా మనం 'బయటోళ్లు' అంటాం. 'ఎక్కడెక్కడివాళ్లో వచ్చి పడుతున్నారు' అంటాం. అంటూనే 'భయ్యా, ఇంకో రోటీ' అని కేకేస్తాం. ఆ భయ్యా పేరేమిటో మనలో ఎంతమందికి తెలుసు? మన పిల్లలు కూడా ఏ డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో హోటల్లో గిన్నెలు కడుగుతూ, గ్యాస్ బంకులో నిలబడి చదువుకుంటున్నవాళ్లే. వాళ్లను అక్కడివాళ్లు పేరు పెట్టి పిలవాలని కోరుకుంటాం. ఆ మర్యాద ఇక్కడ మన చేతిలోనే ఉంది కదా.

ఇంట్లో చేసుకోవాలంటే

కథ విని ఊరుకుంటే ఎలా? మిరియాల రొయ్యలు మన వంటింట్లోనూ చేసుకోవచ్చు. అక్కడి వంటలో వూస్టర్‌షైర్ సాస్ అని ఒకటి వేస్తారు. దాని సీసా మీద దినుసులు చదివితే చింతపండు అని ఉంటుంది! కాబట్టి మనం నేరుగా చింతపులుసే వాడుకుంటే తప్పేం లేదు.

అరకిలో పెద్ద రొయ్యల్ని శుభ్రం చేసి పెట్టుకోండి. పొట్టు ఉంచితే రుచి, తీస్తే సుఖం, మీ ఇష్టం. బాణలిలో 100 గ్రాముల వెన్న సన్నసెగ మీద కరిగించి, దంచిన వెల్లుల్లి రెబ్బలు పది వెయ్యండి. పచ్చివాసన పోయాక కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు రెండు చెంచాలు, చపాటా కారం ఒక చెంచా, ఉప్పు, చిక్కటి చింతపులుసు రెండు చెంచాలు వేసి కలపండి. రొయ్యలు వేసి మూత పెట్టండి. ఐదారు నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే రబ్బరులా సాగుతాయి. దించాక నిమ్మరసం పిండండి. అక్కడ దీన్ని కరకరలాడే రొట్టెతో అద్దుకుని తింటారు. మనకు వేడివేడి జొన్నరొట్టె ఉండగా ఇంకోటెందుకు? రొయ్యలు తిననివాళ్లు పుట్టగొడుగులతోనో పనీర్‌తోనో చేసుకోవచ్చు. చపాటా కారం తీసేసి మిరియాలతోనే చేస్తే ప్రతాపరుద్రుడి కాలంలోనూ వండగలిగిన వంటే అవుతుంది.

ఇక వచ్చే ఆదివారం సంగతి. మళ్లీ అదే పంచాయితీ తప్పదు. పిల్లాడు నూడుల్స్ అంటాడు, నానమ్మ జొన్నరొట్టె అంటుంది. 'ఇవేం తిళ్లు, మన తిండి కాదు' అని పెద్దవాళ్లు విసుక్కునే ముందు ఒక్కసారి సర్వపిండిలో పల్లీని తలుచుకోండి. 'ఈ రొట్టెలేంటి, ఓల్డ్' అని పిల్లలు మూతి విరిస్తే, పూటకూళ్ల ఇంట్లో రూకకు ఏం పెట్టేవారో చెప్పండి. అందరూ కలిసి వీధి చివరి హోటల్‌కు నడవండి. కాస్త తీరిక ఉన్నప్పుడు వంటాయన్ని బయటికి పిలిచి, ఏ ఊరు నాయనా, నీ పేరేంటి, మీ ఇంట్లో ఏం వండుకుంటారని అడగండి. ఆయన చెప్పిన వంట రేపో మాపో కార్డులోకి ఎక్కితే, మొదటి ముద్ద మీదే.